ఉంచండి అంటే ఇచ్చేసినట్టు కాదు

మిత్రులారా, సర్దుకుని కూర్చోండి. బడి నుంచి తెచ్చిన కుర్చీలు నలభయ్యే. ఇంతమంది వస్తారని మేం అనుకోలేదు. గోడవారగా నిలబడ్డవాళ్ళు దయచేసి అద్దాల బీరువాలకి ఆనుకోకండి, అవి పాతవి. ఒకప్పుడు ఈ షెడ్డులో ఫైరింజను నిలబడేది. పదహారేళ్ళుగా ఇది మన ఊరి మ్యూజియం. ఒకే రోజు ఇంతమందిని ఇందులో నేనెప్పుడూ చూడలేదు. చూసి సంతోషించాల్సిన మనిషి లేరు. ఉండి ఉంటే ఈపాటికి తలుపు దగ్గర నిలబడి, "పుస్తకంలో సంతకం పెట్టారా?" అని ఒక్కొక్కరినీ ఆపుతూ ఉండేవారు.

పోయిన మంగళవారం మధ్యాహ్నం పక్క ఊరి బస్టాండులో, బెంచీ మీద కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. డెబ్బై మూడేళ్ళు. పెద్ద వయసే కదా, బాధపడకుండా పోయారు కదా అని మీలో కొందరు నాతో అన్నారు. బాధపడకుండా పోలేదు. ఎంత బాధపడ్డారో చెప్పడానికే నేను లేచాను.

మనమంతా ఆయన్ని చీటీల బాబాయ్ అనేవాళ్ళం. నాకూ ఆయనకీ తొమ్మిదేళ్ళే తేడా, అయినా నాకూ బాబాయే. ముప్ఫయ్యేళ్ళు ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దారు. రిటైరయ్యాక ఈ మ్యూజియం చూసుకున్నారు. మన పరిరక్షణ సంఘంలో జీతం తీసుకునేవాళ్ళు ఎవరూ లేరు, అందరం స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళమే. కాకపోతే మేం తీరిక దొరికితే వచ్చేవాళ్ళం, ఆయన ఆదివారం తప్ప రోజూ వచ్చేవారు. ఇక్కడ ప్రతి వస్తువు పక్కనా ఉన్న చీటీ ఆయన రాసిందే. ఒకసారి నేను గొడుగు మర్చిపోయి వెళ్తే, మర్నాటికి దానికీ చీటీ కట్టి ఉంది. "గొడుగు. నలుపు. సంఘం కార్యదర్శిది. మతిమరుపు వల్ల వచ్చింది." నవ్వండి, పర్లేదు. నవ్వుతారనే రాశారు.

ఆ కార్యదర్శిని నేనే. బజార్లో కళ్ళజోళ్ళ షాపు నాది.

ఇలాంటి సభల్లో పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు చెప్పి దిగిపోతారు. మంచి మాటలకి ఈ మనిషి విషయంలో కొదవ లేదు. కానీ ఈ ఊళ్ళో నాలుగేళ్ళు ఆయన్ని దొంగ అన్నారు. ఎదురుగా అన్నారు, చాటున అన్నారు, గోడ మీద రాశారు. ఆయన దొంగ కాదని తెలిసినవాడు ఒక్కడు ఉన్నాడు. నోరు మూసుకుని ఊరుకున్నాడు. వాడే మీ ముందు మైకు పట్టుకుని నిలబడ్డాడు.

ఆయనెలాంటి మనిషో ముందు వినండి. సంఘం పెట్టిన కొత్తలో నూనె మిల్లు పెద్దాయన ఒక కుర్చీ తెచ్చిచ్చారు. ఈ ఊళ్ళో మొదటి బడి కట్టించిన మహానుభావుడు కూర్చున్న కుర్చీ అన్నారు. మాకు ఒళ్ళు పులకరించిపోయింది. బాబాయ్ మాత్రం దాన్ని తిరగేసి, కాళ్ళు చూసి, కింద మేకులు చూసి, చీటీ రాసి పెట్టారు. "కుర్చీ. టేకు. ఎవరు కూర్చున్నారో తెలియదు." మిల్లు పెద్దాయన అగ్గిమీద గుగ్గిలమైపోయారు. మేమంతా బాబాయ్‌ని బతిమాలాం. నేనైతే రెండు చేతులూ జోడించాను. పోనీ ఆ 'తెలియదు' అన్న మాటనైనా చిన్న అక్షరాల్లో రాయమన్నాను. "తెలియనిదాన్ని చిన్నగా రాయడం కూడా అబద్ధమే" అన్నారు. ఆ కుర్చీ అదిగో, ఆ మూల ఉంది. చీటీ కూడా అలాగే ఉంది.

ఒక కుర్చీ గురించి అబద్ధం రాయని మనిషి, జీవితంలో ఒకే ఒక అబద్ధం ఆడారు. అది నా కోసం ఆడారు.

పదిహేనేళ్ళ కిందట ఒక ఆదివారం. బాబాయ్‌కి సెలవు, ఇక్కడ కూర్చునే వంతు నాది. ఒకావిడ వచ్చారు, చంకలో ఏడాది నిండని పిల్ల. ఆవిడ భర్త కరెంటు లైన్‌మన్. స్తంభం మీద షాకు కొట్టి పోయి అప్పటికి మూడు నెలలు. ఆవిడ వాళ్ళ అక్కగారింట్లో ఒక గదిలోకి మారుతున్నారు, సామాను పెట్టుకోడానికి చోటు లేదు. ఆయన పనిసంచి తెచ్చారు. ఖాకీ గుడ్డ సంచి. అందులో పట్టకారు, టెస్టరు, రబ్బరు గ్లౌజులు. సంచి మూత లోపలివైపు ఆయన పెన్నుతో స్తంభాల నంబర్లు రాసుకునేవారు. ఆ నంబర్ల మధ్యలో ఒక తేదీ, దాని పక్కన "ఆడపిల్ల. తెల్లవారుజామున." అని ఉంది. పిల్ల పుట్టిన కబురు ఆయనకి స్తంభం దగ్గరే అందిందట.

ఇదంతా నాకు ఆ రోజు తెలీదు. నేను మూత ఎత్తి చూడలేదు. ఆవిడ సంచి బల్ల మీద పెట్టి, "ఇది ఉంచండి సార్" అన్నారు. అంతే అన్నారు. నేను ఫారం తీసి, 'ఎలా వచ్చింది' అన్న గడిలో 'దానం' అని రాశాను. సంతకం పెట్టమన్నాను. చంకలో పిల్లతో వంగి పెట్టారు. నేను చదివి వినిపించలేదు.

మీరే చెప్పండి. పక్కింటావిడ ఊరెళ్తూ తాళంచెవి మన చేతిలో పెట్టి "ఉంచండి" అంటే, ఇల్లు మనకి రాసిచ్చేసినట్టా? ఉంచండి అంటే ఏమిటి? నేను మళ్ళీ వస్తాను, అప్పటిదాకా చూసుకోండి అని. తెలుగు తెలిసిన ప్రతివాడికీ తెలుసు. నాకూ తెలుసు. కానీ 'దానం' అని రాస్తే మళ్ళీ అడిగేవాళ్ళు ఉండరు, పని తేలిక. అందుకే అలా రాశాను.

తర్వాత పదకొండేళ్ళకి, అంటే ఇప్పటికి నాలుగేళ్ళ కిందట, వెనక గది కప్పు కారడం మొదలుపెట్టింది. సామాను తగ్గించాలి. ఒకే రకం వస్తువులు రెండు మూడు ఉంటే ఒకటి ఉంచి తక్కినవి తీసేయాలని సంఘం తీర్మానించింది. జాబితా రాసే పని నాకప్పగించారు. బాబాయ్ అప్పుడు హెర్నియా ఆపరేషనయి పన్నెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. "నేనొచ్చేదాకా ఆగండి" అని కబురు పంపారు. నేను ఆగలేదు. పనిసంచులు మూడున్నాయి. ఖాకీది కాస్త చిరిగింది. రిజిస్టర్లో చూస్తే దానం అని ఉంది, అడిగేవాళ్ళు లేరు కదా అనుకుని దానికి టిక్కు పెట్టాను. అలా రాసింది నేనేనన్న సంగతి కూడా నాకు గుర్తు రాలేదు. పాతసామాన్ల లారీ వచ్చింది, తీసుకెళ్ళిపోయింది.

నెల తిరక్కుండా ఆవిడ వచ్చారు. పక్కన పన్నెండో ఏడు నడుస్తున్న పిల్ల. నాన్న చేతిరాత చూస్తానని ఏడుస్తోందట. ఆ మనిషి చేత్తో రాసింది లోకంలో ఆ మూత మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదట.

బాబాయ్ రిజిస్టరు తీశారు. ముప్ఫయ్యేళ్ళు జనం చేతిరాతలు చదివిన మనిషి, నా రాత గుర్తుపట్టడం ఎంతసేపు? జాబితా తీశారు, కింద నా సంతకం చూశారు. నేను అదుగో ఆ మెట్టు మీద ఉన్నాను. నా వంక ఒక్కసారి చూసి పుస్తకం మూసేశారు. "పొరపాటు నాదేనమ్మా. నేనే తీయించేశాను" అన్నారు.

ఆవిడ ఏమన్నారో నేను చెప్పను. అనాల్సిన మాటలే అన్నారు. అనాల్సిన మనిషిని అనలేదు, అంతే. రెండో రోజు ఈ గోడ మీద బొగ్గుతో 'దొంగ' అని రాసి ఉంది. ఎవరు రాశారో నేను అడగను. బాబాయే బకెట్టు తెచ్చుకుని కడిగారు. ఆ నెల మీటింగులో ఆయన దగ్గర్నుంచి తాళాలు తీసేసుకోవాలని తీర్మానం చేశాం. ఆ తీర్మానం రాసింది ఎవరు? నేను. పైకి చదివింది ఎవరు? నేను. ఆయన తాళాలు నా చేతిలో పెట్టి, "వెనక గది తాళం కాస్త బిగువు, పైకెత్తి తిప్పండి" అన్నారు.

ఆ సాయంత్రమే అడిగాను, ఎందుకిలా చేశారని. "కార్యదర్శే తప్పు చేశాడని తెలిస్తే మునిసిపాలిటీ వాళ్ళు షెడ్డు వెనక్కి తీసుకుంటారు. నా పేరు పోతే నా పేరొక్కటే పోతుంది" అన్నారు. నేను సరేనన్నాను. మిత్రులారా, నేను సరేనన్నాను! ఇంటికెళ్ళి అన్నం కూడా తిన్నాను.

పిన్నీ, ఈ సంగతి ఆయన మీకు కూడా చెప్పలేదని నాకు మొన్ననే తెలిసింది. బజార్లో మీకు ఎదురైనవాళ్ళు మొహం తిప్పుకుని వెళ్తుంటే కూడా చెప్పలేదు. మీకు ఏ మొహం పెట్టుకుని ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

తర్వాత నాలుగేళ్ళు ఆయన ఏం చేశారో తెలుసా? పొద్దున్నే వచ్చి, మాలో ఎవరో ఒకరం తలుపు తీసేదాకా బయట గట్టు మీద కూర్చునేవారు. వారానికి రెండు రోజులు ఊళ్ళు తిరిగేవారు. పాతసామాన్ల షాపులు, పాత ఇనుము గోడౌన్లు, పనిముట్లు రిపేరు చేసేవాళ్ళు, ఒక్కరిని వదల్లేదు. సంచి ఎలా ఉంటుందో రాసిన చీటీ అందరికీ చూపించేవారు. ఆ షాపులవాళ్ళు ఆయనకి సంచి తాత అని పేరు పెట్టారు.

దొరకలేదు. దొరికిందని చెప్పి మీ మనసు తేలిక చేసే అదృష్టం నాకు లేదు. సంచి పోయింది.

కానీ అలా తిరుగుతుంటే పక్క ఊళ్ళో ఒక ముసలి లైన్‌మన్ తగిలాడు. ఆ పిల్ల తండ్రితో కలిసి పనిచేసినవాడు. ఆ రోజుల్లో స్తంభాల మీద నంబర్లు చేత్తోనే రాసేవారట. "మావాడు ఏడుకి నడుం మీద అడ్డగీత గీసేవాడు, ఇంకెవరూ అలా రాసేవాళ్ళు కాదు" అన్నాడట. అప్పట్నుంచి బాబాయ్ మన ఊళ్ళో తల పైకెత్తుకుని స్తంభాలు చూస్తూ తిరిగారు. పిచ్చెక్కిందన్నారు కొందరు. నేను కూడా తల ఊపాను. సంచి తెచ్చిన అమ్మా, మీ గుమ్మం దాకా ఆయన రెండుసార్లు వచ్చారు, ఈ మాట చెబుదామని. తలుపు వేసేశారు. మీ తప్పు కాదు. ఎవరైనా వేస్తారు.

మంగళవారం ఆయన వెళ్ళింది ఆ ముసలాయన దగ్గరికే, ఖాయం చేసుకోడానికి. ఖాయం చేసుకోకుండా చీటీ రాయరు కదా. జేబులో దొరికిన కాగితాన్ని పిన్ని నాకిచ్చి, మ్యూజియం సంగతేమో చూడమన్నారు. చదువుతాను.

"స్తంభం. ఇనుము. మార్కెట్ వెనక సందులో మూడోది. నంబరు నూట డెబ్బై ఏడు. రాసింది అమ్మాయి తండ్రి. గుర్తుపట్టింది ఆయనతో పనిచేసిన లైన్‌మన్. తీసేయకముందే చూపించాలి."

నిన్న వెళ్ళి చూశాను. ఉంది. రెండు ఏడులకీ అడ్డగీతలున్నాయి. సందు మొదట్లో కొత్త సిమెంటు స్తంభాలు దింపి ఉన్నాయి. ఈ వారమో పై వారమో పాతవి పీకేస్తారు. అమ్మాయ్, అది మీ నాన్న రాత; సభ పూర్తవకపోయినా పర్లేదు, నువ్వు లేచి వెళ్ళొచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు.

ఇవాళ పొద్దున రిజిస్టరు తీసి 'దానం' అన్న మాట కొట్టేశాను. 'ఉంచమన్నారు. కార్యదర్శి పోగొట్టాడు.' అని రాసి సంతకం పెట్టాను. తక్కిన అక్షరాలంత అక్షరాల్లోనే రాశాను. తాళాలు ఈ బల్ల మీద పెడుతున్నాను. షెడ్డు ఉంటుందో పోతుందో తెలియదు. అబద్ధం చాటున నిలబెట్టిన మ్యూజియంలో ఏ చీటీని ఎవరు నమ్మాలి?

సంచి తెచ్చినావిడ కూతురితో వెనక వరసలో కూర్చుని ఉన్నారు. రమ్మన్నాను, ఎందుకో చెప్పలేదు. అయినా వచ్చారు. అమ్మా, నన్ను క్షమించమని అడగను. క్షమాపణ చెప్పాల్సిన ఇంకో మనిషి వినడానికి లేరు.

ఇక అందరం లేచి రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. మౌనం నాకు బాగా అలవాటే, నాలుగేళ్ళు పాటించాను. ఇది ఆ మౌనం కాకూడదని కోరుకుంటున్నాను.

అమ్మా, మీరు లేవకండి. మేం నిలబడతాం.