పదునున్న ఆదివారం

రాత్రి వానకు కళ్యాణదుర్గం దగ్గరి చేలన్నీ విత్తడానికి సరిపడా తడితో పదునెక్కాయి. చర్చి గుమ్మం దగ్గర భార్యతో నిలబడిన రైతుకు కాలు నిలవడం లేదు.

"నువ్వు లోపలికి పో. పదును ఆరకముందే శెనక్కాయ విత్తల్ల."

"ఒక్క గంట కూర్చోని పో."

"వాన ఇచ్చింది దేవుడే కదా? ఆయనకు తెలీదా నా తొందర?"

"పోయినేడు ఇట్లే పరుగెత్తి పరుగెత్తి చేన్లోనే పడిపోతివి. ఆస్పత్రిలో నీకు తెలివి లేనప్పుడు ప్రభువుకు మాటిచ్చినా. నిన్ను బతికిస్తే ఆదివారం ఒక్క గంటన్నా నెమ్మదిగా కూర్చోబెడతానని."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"నిలబడి వింటివా? ప్రార్థన అయిపోతానే నేనూ వస్తా. ఇద్దరం విత్తుదాం."

ఆయన చెప్పులు విడిచి లోపలికి నడిచాడు. పాటలో గొంతు కలిపాడు గానీ, కళ్లు మాత్రం కిటికీలోంచి ఎక్కివస్తున్న ఎండనే చూస్తున్నాయి.