వెచ్చటి గుడ్డు

నగరంలో ఓ నాలుగంతస్తుల మేడ. దర్జీ పోయి వారమైంది. పైన ఆయన గది పక్కన కోళ్ళగూటి ముందు ఇద్దరు నిలబడ్డారు: ఆయన కూతురు, మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరని ఆయన స్నేహితుడు.

“ఈ కోళ్ళని ఎవరికైనా ఇచ్చెయ్యమ్మా. ఈ మెట్లు ఇక నావల్ల కాదు.”

“మీకే ఇమ్మన్నాడు బాబాయ్, నాన్న.”

“ముసలివైపోయాయి. గుడ్డు పెట్టి మూడు నెలలైంది. మీ నాన్న మంచాన పడ్డాక రోజూ నేనిచ్చిన గుడ్డు కొట్లోది. చెప్పడానికి నోరు రాలేదు.”

“తెలుసు.”

“నీకా?”

“నాన్నకి.”

“చెంపకి ఆనించుకుని, ఇప్పుడే పెట్టిందని మురిసిపోయేవాడే! అందుకేగా వేణ్ణీళ్ళలో వేసి తెచ్చేవాణ్ణి.”

“ఓరోజు ఆమ్లెట్ వేద్దామని కొడితే సగం ఉడికిపోయి ఉంది. నాన్న ఒకటే నవ్వు. ‘వాడితో అనకే’ అన్నాడు.”

“ఎందుకట?”

“‘అంటే రేపట్నుంచి పైకి రావడానికి వాడికి వంక దొరకదు’ అన్నాడు.”

ఆయన గూటి గడియ తీశాడు.

“అన్నీ తెలిసే నా మోకాళ్ళు అరగదీశాడన్నమాట, వెధవ. ఆ గింజల డబ్బా ఇలా ఇవ్వమ్మా. రేపొచ్చి గూడు కడుగుతాను.”