పన్నెండున్నరకు తొక్కు

ఏర్‌పోర్టు పక్కన సాతంరాయి. వంటింట్లో అత్త అమృతమ్మ, కోడలు జయశీల.

"మళ్ల వైఫై డబ్బ పిన్ను పీకిండ్రా అత్తమ్మా?"

"పీకక? మిక్సీ ఏడ పెట్టాలె, నా నెత్తి మీదనా?"

"హాల్ల ఇంకోటి ఉన్నది గద."

"హాల్ల పెడితే మీ మామ ఫోటో మీద తొక్కు చిందుతది. పోయినసారి ముక్కు మీద పడ్డది."

"పది నిమిషాలు ఆగితే ఏమైతుండె?"

"ఈ ఇంట్ల పన్నెండున్నరకు తొక్కు. మీ మామ ఉన్నప్పటి సంది గంతే. నువ్వొచ్చినవని గడియారం మారుతదా?"

"నా ఆట మధ్యల తెగిపోయింది. మళ్ల మొదటి నుంచి ఆడాలె. రోజు గిదే."

"ముప్పై ఆరేండ్లొచ్చినయి, ఇంకా ఆటలేంది బిడ్డా?"

"ఆడుడే నా పని అత్తమ్మా. బ్రౌజర్ల ఆడుకునే చిన్న చిన్న ఆటలుంటయి. ఆడి, ఎట్లున్నదో ఒక సైటుకు రాసిస్త. ఐదుకు ఎన్నో మార్కులు గూడ వేస్త."

"అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తె చాలదా? కుండంత తింటవా?"

"కుండంత తినాల్సిందే. ఆఖరి లెవెల్ దాక ఆడనిది రాయొద్దు, ఆట చేసినోళ్ల మొఖం చూసి రాయొద్దు. మా ఎడిటరమ్మ రూలు."

"నీకు తగ్గ ఎడిటరమ్మనే దొరికింది. పాస్టరమ్మ కేకు తెస్తె, మధ్యల పిండి ఉడకలేదని మొఖం మీద చెప్పినవ్."

"ఉడకలేదు మరి."

"అందరం తిన్నం. ఒక్కరన్నా అన్నమా?"

"సరే గని, నేను రాస్తున్న సంగతి బ్లెసన్‌కు చెప్పకుండ్రి."

"నీ మరిది మాట్లాడితే గద చెప్పెటందుకు. పొద్దున అడిగిన, ఉప్మాల ఉప్పు సరిపోయిందారా చిన్నోడా అని. 'ఆ' అన్నడు. ఉప్పే వెయ్యలె నేను."

"ఎరుకే. నేను కలుపుకున్న."

"వాడు కలుపుకోలె."

*

శనివారం సాయంత్రం. ఏర్‌పోర్టు బస్సు డ్యూటీ దిగివచ్చిన యోనా, భార్య జయశీల.

"ఇగ రాసినవా, మన బ్లెసన్ ఆట గురించి?"

"రాసిన. పంపలె."

"ఎన్ని వేసినవ్?"

"ఆ విమానం చప్పుడు పోనియ్యుండ్రి... ఐదుకు రెండు."

"రెండా? తమ్ముని ఆటకు రెండా?"

"మెల్లగ. పక్క రూములనే ఉన్నడు."

"వానిదే అని పక్కానా?"

"చేసినోళ్ల పేరు మాకు చెప్పరు. విమానం దిగిన సామాన్లు బెల్టు మీద వస్తుంటయి, ఏది ఎవరిదో వేరు చెయ్యాలె. తొమ్మిదో లెవెల్ల ఒక పచ్చ బ్యాగు వచ్చింది. పిడికి ఎర్ర రిబ్బను."

"అమ్మ బ్యాగు!"

"అత్తమ్మ బ్యాగే."

"ఎనిమిదేండ్లు గా బెల్టు కాడనే చేసిండు. కొలువు ఇడిసిపెట్టి, రూముల కూసొని, మళ్ల గా బెల్టే చేసిండు పిచ్చోడు."

"మనోళ్లదైతే నేను రాయొద్దు. ఎడిటరమ్మకు చెప్పి వేరేటోళ్లకు ఇప్పియ్యాలె."

"వాళ్లు నాలుగు వేస్తరా?"

"ఒకటి వేస్తరు."

"మరి నువ్వే వెయ్యి. అంత బాగలేనిది ఏమున్నది అండ్ల?"

"ముప్పై లెవెళ్లు ఒకటే తీరు. బ్యాగు వస్తది, పోతది. గెలిస్తె ఏమనిపియ్యది, ఓడితె ఏమనిపియ్యది. ఆడుతుంటే వాని పక్కన కూసున్నట్టే ఉన్నది."

"శీలా, పాత సూపర్‌వైజర్ మళ్ల రమ్మన్నడట. రేపటి లోపల చెప్పాలెనట."

"పోతడట?"

"రివ్యూ చూసి చెప్త అన్నడు. మీ సైటు పేరే చెప్పిండు. పద్నాలుగు నెలల్ల నాతోని నిండుగ మాట్లాడిన మాట గదొక్కటే. రెండు చూస్తె ఇగ మంచం మీదికెల్లి లేస్తడా వాడు?"

"రెండు చూస్తె కొలువుకు పోతడేమో."

"పోతడేమో. పోకపోతె? జర ఆలోచించు. నాలుగు వెయ్యి. ఇది కేకు కాదు."

"నాకు రాదండి గట్ల రాసుడు."

"ఒక్కసారి."

"ఎడిటరమ్మకు ఏం చెప్పాలె నేను?"

"శీలా."

"సరే."

"నాలుగేనా?"

"నాలుగే. పంపిన. ఇగ దాని గురించి నన్ను అడగకుండ్రి."

*

ఆదివారం మధ్యాహ్నం. చర్చి నుంచి వచ్చాక నలుగురూ అన్నాల దగ్గర.

"చిన్నోడా, ప్రార్థన నువ్వు చెయ్."

"అన్న చేస్తడమ్మా."

"నువ్వే చెయ్ బ్లెసన్."

"ప్రభువా, ఈ అన్నానికి స్తోత్రం. ఆమెన్."

"గంతేనా?"

"ఆకలైతున్నదమ్మా."

"విన్నవా శీలా? ఆకలట! ఇంకో ముక్క వెయ్యి వానికి."

"అన్నా, సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసిన."

"మంచి పని చేసినవ్ తమ్మీ. రేపటి సంది డ్యూటీనా?"

"రానని చెప్పిన."

"రానని?"

"ఇగ పిలవొద్దని గూడ చెప్పిన. పొద్దున రివ్యూ వచ్చింది. ఐదుకు నాలుగు. ఇంకో అరవై లెవెళ్లు చేస్త. ఏడాది పడ్తది."

"జర ఆగు తమ్మీ. ఒక్క రివ్యూ చూసి కొలువు—"

"నేనైతే రెండు వేస్తుంటి అన్నా. రెండే వస్తదని యూనిఫాం ఇస్త్రీ గూడ చేసి పెట్టుకున్న."

"బ్లెసన్... రాసినోళ్లు ఎవరో ఏమో. నమ్మొచ్చా?"

"ఆఖరి లెవెల్ దాక పోయింది వాళ్లొక్కరే వదినె. ఎవరు ఏడ ఆపిండ్రో నా కాడ కనబడ్తది. అందరు మూడో లెవెల్లనే ఇడిసిపెట్టి పోయిండ్రు. వీళ్లు తొమ్మిది దినాలు ఆడిండ్రు. రోజు పన్నెండున్నరకు తెగిపోతది. పది నిమిషాలకు మళ్ల మొదటి నుంచి."

"పన్నెండున్నరకా? అప్పుడు నేను తొక్కు—"

"తినమ్మా."

"కాదురా, మిక్సీకని పిన్ను పీకేది—"

"ఎరుకే అమ్మా. వేరేటోళ్లు నాలుగు వేసుంటే నమ్మక, కొలువుకే పోతుంటి. పాస్టరమ్మ మొఖం మీద చెప్పిన వదినె, నాకు అబద్ధం చెప్తదా?"