నల్ల పోతు, ఎర్ర పిల్ల

లాల్‌గడి మలక్‌పేట్‌లో ఖాలిక్ మేకల కొట్టంలోంచి కేక వినగానే కూతురు జోయా ఉరికింది. శామీర్‌పేట పశు పరిశోధన ల్యాబ్‌లో పనిచేసే ఆమె ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్న మేక ఈత ఇది.

“సూడు బేటా! మన నల్ల పోతుకు పిల్లలే కావని బక్రీద్‌కు మేపుతున్న. మరి గీ పిల్ల యాడికెళ్లి వచ్చింది? పక్కింటి ఆసిం పోతు దడి దుంకింది! ఇయ్యాల వాని సంగతి జెప్త!”

“ఆగు అబ్బా! ఆసిం పోతు తెల్లది గద. గీ ఎర్ర రంగు, నొసట సుక్క ఎవలియి?”

“మన పాత పోతు బాద్షావి. కని వాడు సచ్చి ఏడాదాయె.”

“సచ్చేముందు వాని వృషణంల కెళ్లి మూలకణాలు తీసి నల్లదాంట్ల పెట్టినం, యాదుందా? వీర్యం పుట్టించేటియి అవే. నల్లదానికి సొంతంగ అవి లేవు.”

“అంటే నారు పీకి ఇంకో మడిల నాటినట్టా?”

“గంతే! నాటు పట్టింది అబ్బా, పట్టింది! అవి బతికున్నన్ని దినాలు బాద్షా పిల్లలే పుడ్తయ్!”

ఖాలిక్ తడి ఆరని పిల్లను గుండెకు హత్తుకున్నాడు. జోయా గొంతు తగ్గించి అడిగింది.

“మరి బక్రీద్‌కు?”

“ఇంకోటి సూస్కుంట బేటా. గీ నల్లోడు మన బాద్షా ఉంటున్న ఇల్లు.”