నా చేతికి సరిపోయిన తుపాకి

"తాతా, దుబాయ్‌ల నీకు తుపాకి ఉండెనట గదా. బాపమ్మ చెప్పింది."

మీ బాపమ్మనా? ఆమె చెప్పిందంటే సగం చెప్పి, మిగతా సగం నవ్వి ఉంటది. ఉండె బిడ్డా, ఉండె. లైసెన్సుతోని సహా. కూసో, చెప్తా. నువ్వు రికార్డు చేస్తున్న ఆ ఫోను జర దగ్గర పెట్టు, నా గొంతు నాకే వినపడ్తలేదు.

ముందుగాల నా చేతులు చూడు, ఎంత చిన్నగున్నయో. నవ్వకు. డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్‌ల నన్ను గాజులోళ్ళ దగ్గరికి తోల్కపోతమని ఏడిపించేటోళ్ళు. ఇవి మా అమ్మ దిక్కు చేతులు. మా మేనమామకు ఇంతే, పట్వారి దగ్గర గుమాస్త, జన్మల కలం తప్ప ఇంకోటి పట్టలే. ఆయన ఒకసారి బాయిల చేద వేసి... వద్దు, ఆయన ముచ్చట మొదలువెడితే మనం దుబాయ్ చేరం.

దుబాయ్ అంటే దుబాయ్ గాదు, రాస్ అల్ ఖైమా. మనోళ్ళకు అప్పుడు అంతా దుబాయే. కొండల నడుమ రాళ్ళ క్వారీ, కంకర మిషను. డెబ్బై ఏడో... కాదు, డెబ్బై ఎనిమిది. బీకాం చదివి పోయి కూలోళ్ళ హాజరు రాస్తున్న. ఒక్క రూముల పది మందిమి. పెండ్లయిన నెలకే విమానమెక్కిన మనిషిని, మీ బాపమ్మ మొఖం కూడ మర్చిపోతనేమో అని భయం. గసుంటప్పుడు మా క్యాషియర్, మలయాళాయన, పని ఇడిసిపెట్టి ఇంటికి పోయిండు. ఆ పోస్టుకు వేరే రూము ఇస్తరు, భార్యను తెచ్చుకోవచ్చు. అర్బాబ్, అంటే మా క్వారీ యజమాని, నన్ను పిలిచి "నువ్వు చేస్తవా?" అన్నడు. అడుగుడేంది, నేను అప్పటికే ఆ రూముల మనసుతోని ముగ్గేసి వచ్చిన.

కాని ఒక షరతు. జీతాల రోజు టౌన్‌ల బ్యాంకు నుంచి సంచి తేవాలె. దారంతా ఎండిపోయిన వాగు, మనిషి జాడ ఉండదు. ఇంకో క్వారీ సంచిని ఎవలో దారిల గుంజుకపోయిండ్రట. అందుకని సంచి పట్టినోని నడుముకు పిస్తోలు ఉండాలె, అంగి కింద, కనవడకుంట. పోలీసు కాయితం అర్బాబే చేపిస్తడు. "శుక్రవారం ఇంటికి రా. నీ చేతికి ఏదన్న నప్పితే పని నీది, లేకుంటే ఇంకోన్ని చూస్త" అన్నడు.

రూముకొచ్చి రాజానికి చెప్పిన. రాజం మా పక్కూరోడు, షట్టరింగ్ మేస్త్రి. "నీ చేతికి పిస్తోలా బావా? సబ్బుబిళ్ళ పడితెనే జారిపోతది" అన్నడు. వరుసకు బావను గాదు, ఏడిపించాలంటే బావ.

శుక్రవారం అర్బాబ్ ఇంట్ల తివాచీ మీద రెండు పిస్తోళ్ళు పెట్టిండ్రు, తూటాలు తీసేసి. పక్కన గావా, అంటే వాళ్ళ కాఫీ, కెటిలు, పళ్ళెంల ఖర్జూరాలు. చూపించేటాయన జీపు డ్రైవర్ ఖాన్, బలూచీ, పాత ఫౌజీ. ఆయన చేతులంటే చేతులా, రొట్టెల పెనాలు. ఆయన పెద్దది తీసి నాకిచ్చిండు. "యే మర్ద్ కా హథియార్ హై, బాబూ."

మొగోని ఆయుధమట. నేను కూడ మర్దునే గదా అని పట్టిన. పిడి ఇంత లావు. దాని చుట్టు తిరిగేసరికే నా వేళ్ళు అయిపోయినయ్. ట్రిగ్గర్ మీద గోరు ఆనుతుంది గని వేలు ఆనదు. ఎట్లన్న అందుకోవాలెనని చెయ్యి జర పక్కకు తిప్పి పట్టిన. వేలు అందింది, కాని గొట్టం నా మోచేతి వరుస తప్పి పక్కకు పోయింది.

"ఖజూర్ కో క్యోం మార్తే హో?" అన్నడు ఖాన్ నిమ్మళంగ. చూస్తే గొట్టం ఖర్జూరాల పళ్ళెం దిక్కుంది.

రెండోది జేబుల పట్టేటంత చిన్నది, మెరుస్తుంటది. నా కన్ను మొదటి నుంచి దానిమీదనే. చిన్న చేతికి చిన్న తుపాకి అనుకుంటం గదా, చెప్పుల లెక్క. తూటా ఎక్కాలంటే దాని పైరేకు వెనుకకు గుంజాలె. గుంజిన. రాలే. మోకాళ్ళ నడుమ పెట్టి గుంజిన. లోపలి స్ప్రింగు ఎంత బిర్రుగుందంటే, పొట్టోనికి పుట్టెడు బుద్ధులంటరే, గట్ల. ఖానే తూటా పెట్టి గుంజిచ్చి, ఇంటి వెనుక గుట్ట మీదికి ఒకటి కాల్పిచ్చిండు. చిటికెనవేలుకు పట్టుకునే జాగే లేదు. అది కోడిపిల్ల లెక్క చేతులకెళ్ళి ఎగిరింది. రేకు వెనుకకొచ్చి బొటనవేలి సందుల తోలు గీక్కపోయింది. అర్బాబ్ తలగుడ్డ కొంగు మూతికి అడ్డం పెట్టుకున్నడు, నవ్వు కనవడొద్దని. మర్యాదస్తుడు.

నేను మల్ల లోపలికొచ్చి ఆ తివాచీ మీద కూసొని రక్తం తుడుచుకుంట, రూము పాయె, ముగ్గు పాయె అనుకుంటున్న.

అప్పుడు లోపలి తలుపు కాడ అర్బాబ్ వాళ్ళమ్మ నిలవడ్డది. ముసలామె, మొఖానికి వాళ్ళ పద్ధతి ప్రకారం బుర్ఖా పట్టీ, చేతులకు గోరింటాకు. ఎంతసేపట్నుంచి చూస్తున్నదో. నా దిక్కు అరచెయ్యి ఎత్తి, అంత దూరం నుంచే నన్ను కూడ ఎత్తమన్నది. ఎత్తిన. ఆమెది, నాది ఒక్కటే కొలత. లోపలికి పోయి గుడ్డల చుట్టిన రివాల్వర్ తెచ్చి కొడుకు చేతికిచ్చింది. ఆమె భర్త పడవల మీద సముద్రం పోతే, ఖర్జూరం తోటల ఒక్కతే ఉండేటప్పుడు నడుముకు పెట్టుకునేదట.

రంగు పోయి నల్లగ, మచ్చలు మచ్చలుగ ఉండె. కాని పిడి సన్నం. పట్టుకుంటే మూడు వేళ్ళకు జాగ దొరికింది, నాలుగోది మెత్తటి దిక్కుతోని ట్రిగ్గర్ మీద పోయి కూసున్నది. గొట్టం మోచేతికి సీదా. గుంజుడు లేదు, గింజుడు లేదు, చక్రంల తూటాలు పెట్టి నొక్కుడే. జర బరువుండబట్టి ఎగరదు కూడ. క్వారీల నెయ్యి డబ్బా పెట్టి కాల్పిచ్చిండ్రు. మొదటిది మట్టిల, రెండోది దేవునికెరుక, మూడోదానికి డబ్బా పడ్డది. గాలికి పడ్డదని రాజం చచ్చేదాక అన్నడు.

గట్ల, నేను అర్బాబ్ వాళ్ళమ్మ తుపాకి కట్టుకున్న. క్యాంపుల ఎవలికి చెప్పలే. ఎట్లనో అందరికి తెలిసింది.

ఇగ దాన్ని దాచుడు ఇంకో తిప్పల. అప్పటి ఫ్యాషన్ ఎరుకేనా, ఒంటికి అతుక్కునే అంగి, కింద బెల్‌బాటం. అండ్ల తుపాకి పెడితే నడుముకు గడ్డ లేసినట్టు కనవడుతది. ట్రిగ్గర్ కప్పేటట్టు తోలు సంచి కుట్టిచ్చి, పైన వదులు అంగి కుట్టిచ్చుకున్న, నాలుగు దిర్హములు కుట్టుకూలి. అద్దంల చూసుకుంటే మా నాయన అంగి తొడుక్కున్న పోరడు కనవడ్డడు.

రూము వచ్చింది. మీ బాపమ్మ వచ్చింది. ఆ ముచ్చట నీకు చెప్పను.

దసరా వచ్చింది. క్వారీ పక్కన ఒక చెట్టుండె, అక్కడోళ్ళు గాఫ్ అంటరు. రాజం ఆకు తెంపి చూసి "ఇది మన జమ్మిరా" అన్నడు. నిజంగ జమ్మే. ఇగ ఆగుతమా? గడ్డపారలు, సుత్తెలు, రంపాలు, అన్ని చెట్టు కింద పెట్టిండ్రు. రాజం నా దిక్కు తిరిగి "బావా, మావన్నీ పనిముట్లు. అసలు ఆయుధం నీ నడుముకుంది. తియ్యి" అన్నడు. తూటాలు తీసి పెట్టిన, అంత తెలివి ఉండె. మీ బాపమ్మ పసుపు తడిపి, మెత్తంగ, నిండుగ, పెండ్లికొడుకుకు పూసినట్టు పూసింది. కుంకుమ, అక్షింతలు, పైన కొబ్బరినీళ్ళు. తెల్లారి పైపైన తుడిచి నడుముకు కట్టుకున్న.

అటెంక ఎన్నో జీతాల రోజులు పోయినయ్. జీపుల ఖాన్ పక్కన రొమ్ము విరుచుకొని కూసునేది. వాగుల మేక అడ్డం వచ్చినా నా చెయ్యి నడుముకు పోయేది.

ఒకనాడు ముసలామె తన రివాల్వర్ ఒకసారి చూడాలెనన్నదట. తీస్కపోయిన. పట్టుకొని చక్రం తిప్పింది. తిరగలే. మల్ల తిప్పింది. గోరుతోని గీకితే పచ్చటి పెళ్ళ ఊడింది. అండ్లకెళ్ళి ఒక బియ్యపు గింజ తివాచీ మీద పడ్డది.

అర్బాబ్ మొఖం మారింది. "ఇదేంది?"

"కుర్‌కుమ్" అన్న. పసుపు. ఏడాదికొకసారి పనిముట్టుకు దండం పెడతం అని వచ్చీరాని అరబ్బీల చెప్పిన.

"ఎప్పట్నుంచి?"

దసరా నుంచి. అంటే అన్ని రోజులు నేను ఆ వాగుల రక్షణగ తిప్పింది ఒక పసుపు ముద్దను. దొంగ వస్తే బొట్టు పెట్టాలె తప్ప ఇంకేం లేదు.

"ఖలాస్" అన్నడు అర్బాబ్. తుపాకి కాడికేనా, నా పని కాడికా తెల్వలే. మీ బాపమ్మ అప్పుడే కిటికీకి పరదా కుట్టుకున్నది.

ముసలామె గింజను వేళ్ళ నడుమ పట్టి చూసి, కొడుకును అడిగింది. "సంచి ఎప్పుడన్న తక్కువొచ్చిందా?"

"లేదు."

"మరి తుపాకి నాకిచ్చెయ్యి. వీడు దానికి అన్నం పెడుతున్నడు." గుడ్డల చుట్టుకొని లోపలికి పోయింది. అర్బాబ్ ఆ పసుపు పెళ్ళను తివాచీ మీదికెళ్ళి ఏరిండు. ఆఖరికి "యల్లా, రేపు బ్యాంకుకు పో" అన్నడు. అప్పట్నుంచి సంచి ఉల్లిగడ్డల గంప కింద వచ్చేది. ఎవడూ ముట్టలే.

ఇంటికి పోయి మీ బాపమ్మకు అంతా చెప్పిన, ముసలామె, పసుపు, నా పరువు, అన్ని. ఆమె గంటె పట్టుకొని విన్నది. విని, "మరి రూము?" అన్నది.

"రూము ఉన్నది."

"అయితే చేతులు కడుక్కో" అన్నది.

గసుంటి మనిషి నీకు కూడ దొరకాలె బిడ్డా, ముచ్చటంతా విని అసలుది ఒక్కటి అడిగేటోడు. సల్లగుండు. పో, లోపట బాపమ్మ నవ్వుతున్నట్టుంది, ఏం చెప్తదో అది కూడ... ఏ, అది రికార్డు చెయ్యకు.