మునగాల దగ్గర తెగిన సీలు

సూర్యాపేట. 1999 ఆగస్టు 27, శుక్రవారం, ఉదయం పదిన్నర గంటలకు విచారణ అధికారి ముందర ఇచ్చిన వాంగ్మూలం.

నా పేరు బానోతు జవహర్. తండ్రి పేరు హన్మా. వయసు ఇరవై తొమ్మిదేండ్లు. లంబాడ కులం. వృత్తి హోంగార్డు, ఆరేండ్ల సర్వీసు. మాది మిర్యాలగూడ దగ్గర మాడుగులపల్లి శివారు తండా. ఇప్పుడు కోదాడల రూం కిరాయికి తీసుకొని ఒక్కడినే ఉంటున్న.

ఈ నెల 24వ తారీఖు, మంగళవారం పొద్దున ఏడు గంటల పది నిమిషాలకు కోదాడల లారీ ఎక్కినం. అది బెజవాడ దిక్కు నుంచి వచ్చింది. అందుల ఓట్ల మిషన్లు పట్నం పోతున్నయి. సూర్యాపేట దాకా మా ఎస్కార్టు. హెడ్ కానిస్టేబుల్ మట్టయ్య సార్, నేను, డ్రైవరు, ముగ్గురమే. పెట్టెలు నూట ఇరవై. ఒక్కో పెట్టెకు దాని సీలు దానికి ఉన్నది. పైన తాటిపత్రి కప్పి, తాడు కొసలు రెండు కలిపి సీసం సీలు ఏసిన్రు. దాని నంబరు 417.

ఏడు యాభైకి మునగాల దాటినంక వెనక చక్రాల మీద బరువు మోసే కమాన్ పట్టీ విరిగింది. డ్రైవరు దిగి చూసి, "ఇది ఇక్కడ అయ్యే పని కాదండి, కోదాడ వెళ్లి మేస్త్రీని తీసుకొస్తా" అని వచ్చిన బస్సు ఎక్కిండు. ఎనిమిదిన్నరకు మట్టయ్య సార్ కూడా సూర్యాపేట బస్సు ఆపిండు.

"వేరే లారీ తెస్త. గంటల వస్త. జర చూసుకో తమ్మీ," అన్నడు.

"ఇద్దరం ఉండాలె గద సార్," అన్న.

"గంటనే గదరా," అన్నడు.

నాకు ఈ డ్యూటీ ఇప్పిచ్చింది మట్టయ్య సారే. హోంగార్డుల చేర్పిచ్చింది కూడా ఆయనే. మా నాయిన దవాఖానల ఉన్నప్పుడు అన్నం గిన్నె తెచ్చింది ఆయన ఒక్కడే. అందుకే ఇంకో మాట అనలేదు.

గంట అయింది. తొమ్మిదిన్నర, పదిన్నర అయింది. డ్రైవరు, మేస్త్రీ రాలేదు, సార్ రాలేదు. నేను లారీ చుట్టూ తిరుగుకుంట ఉన్న. నలభై అడుగుల దూరంల ఒక దాబా ఉన్నది, అయినా పోలేదు. మూత్రానికి కూడా వెనక టైరు దాటి పోలేదు. సూర్యాపేట దిక్కు నుంచి వచ్చిన బస్సులు లెక్కబెట్టిన. సాయంత్రం దాకా అరవై నాలుగు.

పదకొండు గంటలకు ఇద్దరు స్కూటర్ మీద వచ్చి ఆపిన్రు. వాళ్ల పేర్లు తెలువయి.

"గీ మిషన్లల ఏ బటన్ నొక్కినా ఓటు ఒక్కరికే పడ్తదట గద. ఒకటి తెరిచి సూపెట్టు," అన్నరు.

"దగ్గరికి రావొద్దు," అని లాఠీ అడ్డం పెట్టిన.

ఒకడు లారీ నంబరు రాసుకున్నడు. "ఒక్కడివే ఉన్నవ్. యాది పెట్టుకో," అని పోయిన్రు.

రెండుంబావుకు వాన మొదలైంది. గాలికి తాటిపత్రి కుడి పక్క కుట్టు ఊడింది. నీళ్లు నిలిచి సంచి లెక్క వేలాడింది. ఇంకింత సాగితే నీళ్లన్నీ పెట్టెల మీద పడ్తయి. తాడు వదులు చేసి ఎడమ దిక్కు మడత ఇటు గుంజితే ఆగుతది. తాడు వదులు కావాలంటే సీలు తెంపాలె.

సీలు ఒక్కడు తెంపొద్దని నాకు తెలుసు. దాబా దిక్కు తిరిగి ఒర్లిన. "ఒక్కరు రాండ్రి. సాక్షి కావాలె. వచ్చి చూస్తే సాలు." అక్కడ ఏడెనిమిది మంది ఉన్నరు. అందరు నన్నే చూసిన్రు. దాబా ఆయన చేతులు జోడించి, "నా పేరు రాయకు తమ్మీ, కోర్టుల చుట్టూ నేను తిరగలేను," అన్నడు. మళ్ల పిలిచిన. ఎవ్వరు లేవలేదు.

అప్పుడు నాట్లేసే పొలంల నుంచి ఒక ముసలామె యూరియా సంచి నెత్తి మీద కప్పుకొని రోడ్డు మీదికి వచ్చింది. పేరు సాలి, వయసు అరవై ఉంటది. మా లంబాడ ఆమె. మా భాషల చెప్పిన. అంతా విన్నది. విని, "అన్నం తిన్నవా కొడుకా?" అని అడిగింది. తినలేదన్న. ఆ రోజు నన్ను ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే.

నా డ్యూటీ కాగితం వెనక, "టైం 2.40. వానకు తాటిపత్రి చినిగింది. 417 సీలు తెంపుతున్న. పెట్టెలు ముట్టలేదు" అని రాసి, మా భాషల రెండుసార్లు చెప్పిన. సిరా లేదు. చక్రం గ్రీజుల బొటనవేలు అద్దుకొని ఆమె ముద్ర ఏసింది. నేను సీలు తెంపి మడత గుంజుతుంటే కొస పట్టుకున్నది. పెట్టెలు తడువలేదు. సద్ది మూట విప్పి సగం రొట్టె నాకు పెట్టింది. వాన ఎలిసేదాకా ఉండి నాట్లకు పోయింది.

ఐదూ ఇరవైకి మట్టయ్య సార్ వేరే లారీ తీసుకొని వచ్చిండు. మా డ్రైవరు అప్పటికి కూడా రాలేదు. ఒంటి మీద ఇస్త్రీ చొక్కా ఉన్నది. పొద్దటిది కాదు. నేను అడగలేదు.

"సీలు ఎవడు తెంపిండు?" అన్నడు.

"నేనే సార్." కాగితం చూపెట్టిన.

చదివి నా చేతికే తిరిగి ఇచ్చిండు. తర్వాత, "నేను పొద్దటి నుంచి ఈడనే ఉన్నట్టు చెప్పు. ఇద్దరం కలిసి తెంపినమని చెప్పు. నీకూ మంచిదే. ఈ కాగితం చింపెయ్," అన్నడు. "తమ్మీ, నాకు రెండేండ్ల సర్వీసే ఉన్నది," అన్నడు.

నేను చింపలేదు. పెట్టెలు వేరే లారీల ఎక్కించినంక ఆయన ముందు సీట్ల ఆ లారీ డ్రైవరు పక్కన కూసున్నడు. నేను వెనక పెట్టెల కాడ కూసున్న. సూర్యాపేటల దించినప్పుడు నూట ఇరవై పెట్టెలకు నూట ఇరవై సీళ్లు ఉన్నయి, నంబర్లు కలిసినయి. తెల్లారి ఎవరో అర్జీ ఇచ్చిన్రు. ఎస్కార్టు వాడు ఒక్కడే ఉండి మిషన్లు తెరిచిండని అందుల ఉన్నది. మిషన్లు తెరిచిన్నన్నది అబద్ధం. ఒక్కడినే ఉన్నన్నది నిజం.

ఇద్దరం ఉన్నమంటే నా మీద తప్పు తేలికైతదని నాకు తెలుసు. కానీ ఒక్క అబద్ధం దొరికినంక, పెట్టెలు ముట్టలేదన్న నా మాట ఎవరు నమ్ముతరు? ఆ ముసలామె ముద్ర కూడా అబద్ధమే అయితది. అందుకే ఉన్నది ఉన్నట్టు చెప్తున్న. ఆమెను పిలిపించాల్సి వస్తే నాట్లు అయినంక పిలువుమని నా మనవి.

నిన్న సాయంత్రం మట్టయ్య సార్ నా రూంకు వచ్చి మంచం మీద కూసున్నడు. చాయ్ పోసి ఇచ్చిన. చల్లారేదాక పట్టుకొని, తాగకుండ కింద పెట్టి పోయిండు. ఇయ్యాల బయట బెంచీ మీద ఉన్నడు. నేను నమస్తే పెట్టిన. గోడ దిక్కు చూసిండు. ఈ గదికి ఇంకో దర్వాజ ఉంటే అటు నుంచి పోతనని అధికారి గారిని అడిగిన. లేదన్నరు.

రాసిందంతా నాకు చదివి వినిపించిన్రు. "మట్టయ్య" అని ఉన్న ప్రతి కాడ "మట్టయ్య సార్" అని దిద్దించిన. మిగిలింది నేను చెప్పినట్టే ఉన్నది. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ నేర్పలేదు. ఇది నిజం.

(సంతకం)
బానోతు జవహర్, హోంగార్డు