కూతురి క్యాసెట్

1986లో, న్యూయార్క్‌ క్వీన్స్‌లోని ఒక వంటింట్లో, ర్యాప్ పాడే కూతురి క్యాసెట్‌ను తల్లి బల్ల మీదికి విసిరికొట్టింది.

"మీ నాన్న నన్ను కొట్టాడని ఊరంతటికీ వినిపిస్తావా?"

"పేరు చెప్పలేదమ్మా."

"ఇండియన్ డాక్టర్ అన్నావుగా! మన బిల్డింగ్‌లో అందరూ బట్టలుతుక్కునే లాండ్రీ రూమ్‌లో నన్ను చూడగానే అందరూ మాటలాపేశారు."

"ఫస్ట్ టైమ్ బేస్‌మెంట్ పార్టీలో మైక్ పట్టుకుంటే అబ్బాయిలు నవ్వారు. నిజం చెప్పాకే విన్నారు."

"సిగ్గులేదూ?"

"కొట్టినవాడికి లేని సిగ్గు నాకెందుకు?"

"నోర్ముయ్!"

"మెట్ల మీంచి పడ్డానని హాస్పిటల్‌లో నువ్వు చెప్పావు. ఆ అబద్ధం నేను పాడను."

తల్లి క్యాసెట్‌ను చెత్తబుట్టలో పడేయబోయి ఆగింది.

"నాలుగు కుట్లు అని పాడావు. ఆరు పడ్డాయి. చెప్పేదేదో సరిగ్గా చెప్పు."